పాత వాల్వులు

సిద్ధరాములు యాంప్లిఫయర్ వాల్యూమ్ గుండీని చివరిదాకా తిప్పాడు. పెట్టెలోని నాలుగు గాజు వాల్వులూ ఎర్రగా వెలుగుతున్నాయి. రికార్డు తిరుగుతోంది, ముల్లు గాడిలోనే ఉంది. పాట మాత్రం అగ్గిపెట్టెలో పడ్డ ఈగలా సణుగుతోంది.

"మోసం," అన్నాడు. "పక్కా మోసం."

గడప పక్కన కూర్చుని బీడీలు చుడుతున్న భార్య సుశీల తలెత్తలేదు.

ఈ యాంప్లిఫయర్ కోసం సిద్ధరాములు పడ్డ పాట్లు జోడ్‌భావి పేటలో అందరికీ తెలుసు. కుంఠా నాకాలోని మగ్గాల షెడ్డులో పవర్‌లూమ్ నడుపుతాడు. ఇంటికొస్తే పాటలే లోకం. "అన్నం లేకున్నా ఉంటగని, పాట లేకుంటే నేను బతకనే," అనేవాడు సుశీలతో.

మొదట గ్రామఫోన్ ఉండేది. దాని గొంతు ఎందుకో తగ్గిపోయింది. ముల్లు మార్చాడు, రికార్డులు మార్చాడు. లాభం లేదు. వాల్వుల యాంప్లిఫయర్ చేసుకోవడం ఒక్కటే దారి అన్నాడు. అని ఊరుకునే రకం కాదు. ఇంటికి కరెంటు వచ్చి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. సెలవు దొరికినప్పుడల్లా కూర్చుని రేకు కత్తిరించాడు, బెజ్జాలు వేశాడు, పెట్టె బిగించాడు. నూలు కండెలు చుట్టే రాట్నం మీదే ట్రాన్స్‌ఫార్మర్‌కు రాగితీగ చుట్టాడు. మూడు వేల చుట్లలో ఒక్కటీ తప్పలేదు. నేతగాడి చెయ్యి మరి!

వాల్వులు తెచ్చింది మాత్రం అంబాదాస్. రేడియోలు బాగుచేసే దుకాణంలో పని. సిద్ధరాములుతో కలిసి ఒకే సందులో పెరిగినవాడు.

"కొత్తయిరా. బొంబాయి నుంచి డబ్బా ఇప్పకుండ తెప్పించిన," అని ఒట్టేశాడు. మొదటి రోజు పాట ఖంగుమని మోగినప్పుడు సిద్ధరాములు అతన్ని వాటేసుకుని ఏడ్చాడు.

ఆరు నెలలు గడిచాయి. పాట రోజురోజుకూ దిగిపోయింది. వైర్లు విప్పి మళ్లీ అతికించాడు. కండెన్సర్లు మార్చాడు. లౌడ్‌స్పీకర్ కూడా మార్చాడు. వాల్వుల జోలికి మాత్రం పోలేదు. అవి దోస్తు తెచ్చినవి. వాటిని అనుమానిస్తే దోస్తును అనుమానించినట్టేనని ఇన్నాళ్లూ ఆగాడు.

ఇవాళ షెడ్డుకు సెలవు. పొద్దున్నే అంబాదాస్‌కు కబురు పెట్టాడు.

అంబాదాస్ వచ్చాడు. గుమ్మంలో అడుగు పెడుతూనే మొహం చిట్లించాడు. నేరుగా వచ్చి వాల్యూమ్ తగ్గించబోయాడు. సిద్ధరాములు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టకు. చెవులు పెట్టి ఇను, నీ వాల్వుల సంగతి."

"మంచిగనే ఉన్నది కదరా!"

"గిదా మంచిగున్నది?"

ఇరవై ఏళ్లు మగ్గాల షెడ్డులో ఉన్నవాడు సిద్ధరాములు. ఆ మోతలో మాటలు నడవవు. ఎదుటివాడి పెదాలు చూసి, మొహం చూసి సంగతి తెలుసుకోవాల్సిందే. అందుకే మొహం చూసి మనిషిని పట్టేస్తానని అతనికి మహా ధీమా. అంబాదాస్ మొహంలో తప్పు కొట్టొచ్చినట్టు కనబడింది.

అంబాదాస్ పెట్టె మీదికి వంగి ఏదో గొణిగాడు.

"ఇటు తిరుగు! నా మొహం చూసి చెప్పు. పాతయి అంటగట్టినవా లేదా?"

ఇంతలో పక్కింటి యమునాబాయి విసవిసా గుమ్మం దాకా వచ్చింది. సుశీల గబగబా ఎదురెళ్లి, చెయ్యి పట్టుకుని ఆమెను బయటికి తీసుకుపోయింది. ఇంటి రభస చూడ్డానికి జనం కూడా పోగవుతున్నారని సిద్ధరాములుకు ఒళ్లు మండిపోయింది.

సుశీల తిరిగొచ్చి బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. చాటలోని తంబాకు సన్నగా వణుకుతోంది. తప్పు తెలిసిన చేతులు వణకవా మరి అనుకున్నాడు సిద్ధరాములు.

అంబాదాస్ ఆమె వంక చూశాడు. చెప్పేయనా అన్నట్టుంది ఆ చూపు. సుశీల వద్దని తల అడ్డంగా ఊపింది. సిద్ధరాములు రెండూ చూశాడు.

"అంటే నీకూ తెల్సు," అన్నాడు భార్యతో. "ఇద్దరు కల్సి నన్ను ఎడ్డోన్ని చేసిన్రు."

సుశీల కళ్లలో నీళ్లు తిరిగాయి. కాదనలేదు.

అంబాదాస్ అతని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"అవున్రా. పాతయే. దుకాణంల తీసి పారేసినయి తెచ్చి నీకిచ్చిన. వదినెకు ఏం సంబంధం లేదు. మోసం చేసింది నేనే."

సిద్ధరాములు చెయ్యెత్తాడు. కొట్టలేకపోయాడు. ఒక్క జొన్నరొట్టెను చెరిసగం తుంచుకుని తిన్న రోజులు అడ్డొచ్చాయి.

"పరాయోడు చేస్తే దొంగ అనుకుని ఊకుందును. నువ్వు చేసినవు గదరా!" గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. "ఇగ నా గడప తొక్కకు. నేను సచ్చిన్నాడు గూడ రాకు."

అంబాదాస్ చెప్పులు తొడుక్కున్నాడు. తలొంచుకుని మెట్లు దిగిపోయాడు. సుశీల గోడకు చేరగిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. సిద్ధరాములు పెట్టె ముందు కూలబడి, ఆ పాత వాల్వుల వంక అసహ్యంగా చూస్తూ చాలాసేపు ఏడ్చాడు.

పాట మాత్రం, మగ్గాల మోతకు తన చెవులే పోయాయని ఇంకా తెలియని సిద్ధరాములుకు తప్ప, సందు చివర కళ్లు తుడుచుకుంటున్న అంబాదాస్‌తో సహా పేట మొత్తానికీ చెవులు చిల్లులు పడేలా వినిపిస్తూనే ఉంది.