ఒడ్డు మట్టి

చేపలు కోసే చోట ఎవరో మోకాళ్ళ మీద కూర్చుని బురద తవ్వుతున్నారు.

ఒకలీనా కిటికీలోంచి చూసింది. నెత్తి మీంచి మెడ దాకా దోమల వల. ముఖం కనిపించదు. చేతిలో చెంచా, పక్కన మూతల సీసాలు.

పడవలోంచి చేపలు దించుతున్న మగవాళ్ళు ఊరుకోలేదు.

"ఏమ్మా, ఒడ్డంతా మూటగట్టుకుపోతే మేమెక్కడ నిలబడాలి?"

"సముద్రం వదిలేస్తాలే అన్నా, అది బరువు!" వల వెనక నుంచి ఆడగొంతు.

వాళ్ళు నవ్వారు. ఒకలీనా నవ్వలేదు. పట్నం నుంచి వచ్చేవాళ్ళు మట్టితో మొదలుపెట్టి మనిషి దగ్గర తేలతారని ఆమెకు తెలుసు.

అనుకున్నట్టే సాయంత్రం తలుపు చప్పుడైంది. బెత్తెడు తీసింది. బురద తవ్విన మనిషే, ముఖం మీద వల ఇంకా తీయలేదు.

"ఒకలీనా అత్తా, మార్ఫా తిన్న తెపా గురించి అడగాలి."

"ఎవరే నీకు అత్త?"

తెపా అంటే ఆ ఉత్తరపు మంచు ఒడ్డున తినే, పులియబెట్టిన సాల్మన్ చేప తలలు. ముప్పై ఏళ్ళ కిందట ఒకలీనా పెట్టింది, పొరుగింటి మార్ఫా తిన్నది. మర్నాటికి మార్ఫా కళ్ళకు ఒక్కో మనిషి ఇద్దరుగా కనిపించాడు. రెప్పలు వాలిపోయాయి. మాట పోయింది, ఊపిరి పోయింది. తెలివి మాత్రం చివరిదాకా పోలేదు.

పొగమంచు తొలగాక విమానం దిగింది. అందులో వచ్చిన పెద్ద డాక్టరు తెపా ఉన్న బకెట్ చూసి ముక్కు మూసుకున్నాడు. "మురికి చేతుల వంట" అన్నాడు.

అంతే. ఆయన మర్నాడే మరిచిపోయి ఉంటాడు. ఊరు మరవలేదు.

ఏడాదిలో తొలి సీల్ జంతువును పట్టిన ఇల్లు ఊరంతటికీ మాంసం పంచే ఊరది. ఒకలీనా పంచిన వాటా కూడా అందరూ తీసుకునేవారు. తీసుకుని కుక్కలకు వేసేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా పంచేది.

"ఏం అడుగుతావు? చేతులు కడిగానా అనా?"

"కాదు. తలలు ఎక్కడ కోశావు, దేంట్లో పెట్టావు అని."

"నువ్వు తవ్విన చోటే కోశాను. ప్లాస్టిక్ బకెట్‌లో పెట్టి, మూత బిగించి, పొయ్యి వెనక ఉంచాను. మా అమ్మయితే గొయ్యి తవ్వి గడ్డి పరిచేది. దుకాణంలోకి బకెట్లు వచ్చాక గొయ్యి ఎవరు తవ్వారు? ఊరందరిదీ బకెట్టే! మనిషి పోయింది మాత్రం నా బకెట్టుతో."

"నాకు కావలసింది అదే."

ఆ మనిషి కదల్లేదు.

"అత్తా, ఇంట్లో తినడానికేమైనా ఉందా? పెడతావా?"

ఒకలీనా ఒళ్ళు మండింది. ఆ ఊళ్ళో ఆమెను ఆ మాట అడిగితే అది ఎగతాళే.

"పో! పోయి నీ మట్టి తిను!"

తలుపు ధడాలున పడింది. గడప దాకా వచ్చిన మనిషికి తిండి పెట్టకుండా తలుపు వేయడం ఆ ఒడ్డున ఎవరూ చేయరు. ఒకలీనా చేసింది.

మర్నాడు విమానం వెళ్ళిపోయింది.

నీళ్ళు గడ్డకట్టాక ఒక పొద్దున వైద్య సహాయకురాలు అగఫియా రేడియోలో పిలిచింది. ఇటూ అటూ మాట్లాడుకునే ఆ రేడియో ప్రతి ఇంట్లోనూ మోగుతూనే ఉంటుంది. ఒకరికి చెబితే ఊరికి చెప్పినట్టే.

"ఒకలీనా అత్తా, ఉన్నావా? మిగతావాళ్ళూ వినండి. మార్ఫా తిన్న తెపా బకెట్‌లో దొరికిన సూక్ష్మజీవిని పట్నంలో ఇన్నేళ్ళూ దాచారట. అది గింజలా ముడుచుకుని పడుకుంటుంది, ఎన్నేళ్ళైనా చావదు. మట్టి తవ్వుకెళ్ళిన పిల్ల దాన్ని నిద్రలేపింది. దాని జన్యువుల్నీ, మన బురదలో దొరికినవాటి జన్యువుల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. అన్నీ ఒకే కుటుంబం. విషం చేసే జన్యువూ ఒకటే. అది మనకంటే ముందునుంచీ ఈ ఒడ్డున కాపురం ఉంది."

"అయితే ఏంటంట?" ఊళ్ళోని ముసలాయన ఒనుఫ్రీ గొంతు అడ్డుపడింది.

"అయితే అది నీ చేపల మీదా ఉంది, నా చేపల మీదా ఉంది. చేతులు కడిగితే పోయేది కాదు. గాలి తగిలితే ఊరికే పడి ఉంటుంది. గాలాడకుండా మూత బిగించి వెచ్చగా పెడితే లేచి విషం చేస్తుంది. చల్లటి గోతిలో అంత తొందరగా చేయదు. తప్పు చేతిది కాదు, మూతది. నువ్వూ బకెట్‌లోనే పెట్టేవాడివి కదూ? బతికిపోయావు."

రేడియో గరగరమంటూ ఉండిపోయింది.

తర్వాత ఎవరో ముసలమ్మ గొంతు.

"ఒకలీనా, సీల్ నూనె ఉందా? వస్తున్నా."

"ఉంది. రా."

ముసలమ్మ వచ్చి, అక్కడే కూర్చుని, ఎండుచేప నూనెలో ముంచుకుని తిని వెళ్ళింది. ఒకలీనా మిగిలిన ఎండుచేపలు మూటగట్టి ఆస్పత్రికి పట్టుకెళ్ళింది.

"ఇవి ఆ పిల్లకు పంపు. ఈసారి వస్తే మా ఇంట్లోనే దిగమను."

"రాదత్తా. పైవాళ్ళు ఆ పనికి డబ్బు ఆపేశారు. మన చావులు వాళ్ళకు దండగ ఖర్చు. వేరే దేశం పోయిందట, ఎక్కడికో నాకూ తెలీదు."

ఒకలీనా మూట దించలేదు.

"ఇన్నేళ్ళూ ఎవరికీ పట్టనిది దానికెందుకు పట్టిందే? ఎవరి బిడ్డ అది?"

అగఫియా తల వంచుకుంది.

"నీకు చెప్పొద్దంది. చెబితే ఇష్టంతో కాక భయంతో అన్నం పెడతావంది. మార్ఫా బిడ్డే అత్తా, తల్లి పోయాక ఆ డాక్టరు వచ్చిన విమానంలోనే ఎవరికో పెంపకానికి పంపేసిన పిల్ల."