గొరిల్లాల డాక్టర్

"పాజిటివ్ వచ్చింది, గీతాంజలీ. నిన్ను పంపలేను," అన్నాడు ఉదయ్ ఫోన్‌లో.

అమెరికాలో, ఫ్రిస్కోలోని వాళ్ళ ఇంటి హాల్లో సూట్‌కేస్ తెరిచి ఉంది. గీతాంజలి భర్త ఫణి అందులో కందిపొడి సీసా ఎక్కడ ఇరికించాలా అని చూస్తున్నాడు. ఆమె జంతువుల డాక్టర్. ఆఫ్రికా అడవుల్లో మిగిలిన కొద్దిపాటి గొరిల్లాలకి దూరం నుంచి బాణంలా కొట్టే టీకా మీద ఆరేళ్ళు పనిచేసింది. ఎల్లుండి విమానం. ఇప్పుడు వెళ్ళకపోతే మళ్ళీ మూడేళ్ళ దాకా అడవిలోకి అనుమతి రాదు.

మనిషికి పడిశం పడితే నాలుగు రోజులు ముక్కు చీదుకుని ఊరుకుంటాడు. అదే గొరిల్లాకి అంటితే గుంపుకి గుంపే పోతుంది. అందుకని టీకా బృందంలో ప్రతి ఒక్కరూ ముందుగా ఒక గొట్టంలో ఉమ్మి ల్యాబ్‌కి పంపాలి. అంతకు అరగంట ముందు నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. మొన్న పొద్దున కొరియర్ అతను గుమ్మంలో నిలబడేసరికి గీతాంజలి చేతిలో కాఫీ కప్పు సగం ఖాళీ అయి ఉంది. ఇలాంటి నియమాలు రాసేవాళ్ళ ఇళ్ళల్లో కాఫీ కాచరు కాబోలు.

తనకి ఒక్క తుమ్మయినా లేదని ఆమె వాదించింది. ఉదయ్ ఆమె పై అధికారే గాని రాతిగుండె మనిషి కాదు.

"ల్యాబ్‌లో ఏదో మిస్టేక్ అయ్యుంటుంది. రేపు నా ముందే ఇంకో టెస్ట్ చేయించుకో. నెగటివ్ వస్తే ఫ్లైట్ ఎక్కెయ్."

గీతాంజలి ఫణి వైపు చూసింది. అతను కందిపొడి చిటికెడు నోట్లో వేసుకుంటున్నాడు.

"కొత్తగా అంటుకుంటే మొదటి రెండ్రోజులూ టెస్ట్‌లో తెలీదు కదా, ఉదయ్ గారూ?"

"తెలీదు. అయితే ఏంటి? నీకు మొన్నే వచ్చిందన్నారుగా. రేపు లేదంటే లేనట్టే."

"వద్దండీ. నా బదులు మన టీంలో రష్మిని పంపండి."

ఉదయ్ ఎంత నచ్చజెప్పినా ఆమె వినలేదు. ఫోన్ పెట్టేసి వెక్కి వెక్కి ఏడ్చింది. ఫణి సూట్‌కేస్‌లోంచి ఒక్కొక్కటే బయటికి తీశాడు.

చేతిదాకా వచ్చిన అదృష్టాన్ని కాలదన్నుకుందని ఆఫీసులో చెప్పుకున్నారు. చాదస్తమన్నారు. రేపటి టెస్ట్‌లో తనకి నెగటివే వస్తుందని గీతాంజలికి తెలుసు. ఆమె భయమూ అదే.

మొన్న గొట్టంలో ఉమ్మింది ఫణి.