దొరసాని ప్రదక్షిణం

“పీకేయండప్పా ఈ అంగడిని! తుపాకి వంకరుండాది!”

మునికుమార్ బల్ల మీద గుద్దాడు. వరసగా కాల్చినా ఒక్క బెలూన్ పగల్లేదన్న కోపం. తిరుచానూరు ఉత్సవాలకొచ్చిన జనం చుట్టూ మూగారు.

“వంకర నీ గురిలో ఉండాదన్నా, తుపాకిలో కాదు!” సుహానా తగ్గలేదు.

వెనక స్టూలు మీద ఆమె తండ్రి కాశిం సాహెబ్ తల వంచుకుని బెలూన్లు ఊదుతున్నాడు. చేతులు వణకడం మొదలయ్యాక అంగడి కూతురికి అప్పజెప్పాడు. తుపాకి తుడవడం మాత్రం ఆయనే. కూతుర్ని ఒక్కసారి కూడా కాల్చనివ్వలేదు.

కానిస్టేబుల్ ఆదిమూలం లాఠీ ఆడించాడు.

“ఎవరన్నా కాల్చి చూపించండి. బెలూన్లు పగిలితే సరి. లేదంటే ఈ పొద్దే అంగడి ఎత్తేయాల పాపా.”

సుహానా వాళ్ల ఇంటికి ఆధారం ఆ అంగడే.

అప్పుడే రోడ్డు మీద పరుగెత్తుకుంటూ వస్తున్న తెల్లావిడ ఒకామె ఆగింది. కొండ మీద జుట్టిచ్చిన నున్నటి గుండు, దాని మీద చందనం, ఎగశ్వాస.

“గుండు దొరసానీ, నువ్వు కాల్చు!” ఎవరో నవ్వారు.

ఆమె సుహానా కళ్లలోకి చూసింది. తుపాకి అందుకుంది.

టప్.

తప్పింది. జనం గొల్లుమన్నారు.

ఆమె తుపాకి బల్ల మీద పెట్టి, అంగడి చుట్టూ గబగబా ఒక చుట్టు పరుగెత్తి వచ్చింది.

“ప్రదక్షిణం రోయ్! ఎంత భక్తో సూడండి!” జనంలో ఎవరో అరిచారు.

ఆమె మళ్లీ తుపాకి ఎత్తింది. అంతవరకూ ఎగసిపడుతున్న ఆమె ఊపిరి ఉన్నట్టుండి నిలిచిపోయింది.

టప్. టప్. టప్. టప్. టప్.

ఐదు బెలూన్లూ లేవు.

“తుపాకి బాగుండాది. పోప్పా, పోయి కళ్లు చూపించుకో!” అన్నాడు ఆదిమూలం. మునికుమార్ జారుకున్నాడు.

సుహానా బహుమతి బొమ్మ అందిస్తే ఆమె వద్దంది. సుహానా వేలు పట్టుకుని తుపాకి గొట్టం కొసకు తాకించి, తల అడ్డంగా ఊపింది. మళ్లీ పరుగందుకుంది.

ఏం చెప్పినట్టు?

జనం పలచబడ్డాక సుహానా మొదటిసారి తుపాకి ఎత్తింది.

“వద్దు బేటీ!” అన్నాడు కాశిం సాహెబ్.

ఎర్ర బెలూన్‌కి గురిపెట్టింది. దెబ్బ జానెడు కుడిపక్కన చెక్కకు తగిలింది. మళ్లీ కాల్చింది. మళ్లీ అక్కడే.

మరి ఆ ఐదూ ఎలా పగిలాయి?

ఆటో ఒకటి కీచుమంటూ ఆగింది. డ్రైవర్ దూకాడు.

“మా మేడం ఈడికొచ్చిందా చెల్లీ? ఆటోలో ఎంటబడినా అందల్యా!”

“ఎవరన్నా ఆమె?”

“నార్వే ఆమె. కాళ్లకు చెక్కలు కట్టుకొని మంచులో ఉరికి, ఆ ఎగశ్వాసలోనే తుపాకి కాల్చే ఆటొకటి ఉండాదంట. గురి తప్పితే శిక్ష, ఇంకో చుట్టు ఉరకాల. దాంట్లో పపంచానికే ఛాంపియన్! పోయిన నెల ఆట మానేసి, మొక్కు తీర్చుకునేదానికి వచ్చినాది.”

సుహానా రోడ్డు వైపు చూసింది. ఆమె కనబడలేదు.

వెనక తండ్రి చేతిలోని బెలూన్ తుస్సుమంది.

సుహానా తిరిగింది.

“అంత గొప్పామె కాబట్టి మొదటి దెబ్బకే వంకర పసిగట్టి, ఎడమకు గురిపెట్టి, ఈ తుపాకితోనే మన పరువు నిలబెట్టి పోయింది. దాన్ని వంచింది మాత్రం నువ్వే, అబ్బాజాన్!”