ఏకాంబరం పెట్టిన సభ

సముద్రంలో ఏకాంబరం అనేవాడు ఉండేవాడు. ఒకే కణమున్న జీవి, నలుసుకన్నా చిన్నవాడు, వెనక ఒక తోక. తిండి బాగా దొరుకుతుండటంతో రోజుకోసారి రెండుగా చీలేవాడు. ఆ ఇద్దరూ మర్నాటికి నలుగురయ్యేవారు. నెల తిరిగేసరికి నీళ్లు ఎర్రబడేంతమంది అయ్యారు. అందరూ ఏకాంబరాలే.

ఒకరోజు వేరే నీళ్లనుంచి మిణుకు అనే ఆడమనిషి కొట్టుకొచ్చింది. ఆమెదీ అదే జాతి.

"అయ్యా, నీళ్లలో సారం అయిపోతోంది. ఇంకా చీలుతూ పోతే ఆకలికి చస్తాం. ఇద్దరం కలిసి ఒక్కరమై, గట్టి పెంకు కట్టుకుని అడుగు బురదలో పడుకుందాం. మంచిరోజులొచ్చాక లేవచ్చు," అంది.

"అప్పుడు లేచేది నేనేనా?"

"మీరూ కాదు, నేనూ కాదు. మనిద్దరి బిడ్డ."

ఏకాంబరానికి నచ్చలేదు. అయినా పెద్దమనిషి కాబట్టి సభ పెట్టాడు.

"వద్దనేవాళ్లు తోకలెత్తండి."

కోటి తోకలు లేచాయి. ఒక్కటి మాత్రం లేవలేదు.

"చూశావా, ఇంతమందీ పొరబడతారా?" అన్నాడు ఏకాంబరం.

తోక ఎత్తనివాడు మిణుకుతో అడుగు బురదలోకి వెళ్లిపోయాడు.

రెండు వానాకాలాలు గడిచాయి. బురదలో పెంకు పగిలి ఒక పిల్ల బయటికొచ్చింది. పక్కనున్న ముసలి ఆలిచిప్పను అడిగింది.

"అవ్వా, పైన ఎవరూ లేరేం?"

"కోటిమంది ఉండేవారు. అందరిదీ ఒకటే మాట, ఒకటే ఆకలి. ఒక్క వారంలో పోయారు."

"అంతమందిలో కాదన్నవాడే లేడా?"

"ఒకడున్నాడమ్మా. లేకపోతే ఈ మాట అడగడానికి నువ్వుండేదానివి కాదు."