కంటి మీద బొట్టు

ఇంటింటికీ రక్తపరీక్ష పెట్టె వచ్చాక మా ఊరి ఆసుపత్రి మూసేశారు. పెట్టె ఇంట్లోనే ఉంటుంది. రక్తం చూసి ఫలితం చెప్పేది మాత్రం పట్నంలోని సర్వర్.

దసరాకి నా భార్య మంగతాయారు కత్తిపీటకీ కొడవలికీ పెట్టినట్టే దానికీ కుంకుమ బొట్టు పెట్టింది. అది సరిగ్గా పెట్టె కంటి మీద, రక్తాన్ని చూసే అద్దం మీద పడింది. ఆ రోజు నుంచి సర్వర్‌కి ఆమె రక్తం కనబడలేదు. ఆ మాట అది చెప్పలేదు. పాత ఫలితాన్నే రోజూ పంపింది.

"ఒళ్లు కాలిపోతోందయ్యా," అని ఆమె ఏడ్చింది. ఆమె ఆరోగ్యం బాగుందని పెట్టె అన్నది కాబట్టి పట్నం నుంచి అంబులెన్సు పంపలేదు. ఆమె పోయింది.

నిన్న కంపెనీ కుర్రాడు రమణమూర్తి వచ్చాడు.

"ఇదా బాబాయ్ సంగతి! బొట్టు తుడిచేస్తే సర్వర్‌కి అన్నీ కనబడతాయి," అంటూ గుడ్డ తీశాడు.

చెయ్యి పట్టుకున్నాను. ఆ కుంకుమలో ఆమె వేలిముద్ర ఉంది.

"ముట్టుకోకు. కనబడనప్పుడు కనబడలేదని చెప్పడం ముందు మీ సర్వర్‌కి నేర్పు."

"మరి మీ రక్తపరీక్షల సంగతి?"

"నాకేం, నన్నూ బాగున్నాననే అంటుందిగా. పో."

ఈ పొద్దున కూడా పెట్టె పలికింది. "మంగతాయారు గారూ, మీ ఆరోగ్యం బాగుంది."

దాన్ని పగలగొట్టాలని రోకలి ఎత్తాను. కొట్టలేకపోయాను. ఆమెను పేరు పెట్టి పిలిచేది ఈ ఇంట్లో ఇక అదొక్కటే.