లియోన్సియో హస్తవాసి

సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది. బండి మాత్రం అందుకోవడం లేదు.

“లియోన్సియోకి కబురు పెట్టనా?” అంది భార్య ఒడాలిస్ గుమ్మంలోంచి.

ఎవేలియోకి అరికాలి మంట నెత్తికెక్కింది. “ఆ పేరు తలుచుకోకపోతే నీకు తెల్లవారదా?”

“బండి కదలకపోతే పూట గడవదని అడిగాను. నాకేం సరదానా?”

సరదానే. ఎవేలియో దృష్టిలో ముమ్మాటికీ సరదానే. హవానా నిండా మెకానిక్కులుంటే ఈ ఇంటికి వాడొక్కడే దొరికాడా? పెళ్ళాం పోయినవాడు. జుట్టు నెరిసినా నడుం వంగనివాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన మీసం, పైగా సెంటు. మెకానిక్కుకి సెంటెందుకండీ! వస్తాడు, బానెట్‌లోకి తొంగిచూసి ‘ఊఁ’ అంటాడు, చేతులు కడుక్కోవాలంటూ వంటింట్లోకి నడుస్తాడు. లోపల అరగంట కాఫీ, ఆడగొంతుతో ఇకఇకలు పకపకలు. ఎవేలియో మాత్రం ఎండలో బండికి కాపలా. బానెట్ తెరిచిన బండిని వదిలి వెళితే ఆ వీధిలో బోల్టు కూడా మిగలదు మరి. చివరికి వాడొచ్చి రెండు నిమిషాలు చెయ్యి పెడతాడు, బండి బుర్రుమంటుంది. “ఏం హస్తవాసి!” అని వీధంతా మెచ్చుకుంటుంది. ఈ నెలలోనే మూడుసార్లు జరిగింది ఈ తంతు.

“ఇవాళ వాడూ వద్దు, వాడి హస్తవాసీ వద్దు. నేనే తేల్చుకుంటా. నువ్వొచ్చి తాళం తిప్పు,” అన్నాడు ఎవేలియో.

ఒడాలిస్ విసుక్కుంటూ స్టీరింగ్ ముందు కూర్చుంది. అది వాళ్ళ తాతలనాటి అమెరికా కారు, ఇప్పుడు షేర్ టాక్సీ. ఎవేలియో ప్లగ్ తీగ పీకి ఇంజన్ ఇనుముకి దగ్గరగా పట్టుకున్నాడు.

“తిప్పు.”

నిప్పురవ్వ లేదు. మిగతా ప్లగ్గులదీ అదే వరస. ఈసారి కాయిల్ నుంచి వచ్చే లావుపాటి తీగ పట్టుకున్నాడు. “మళ్ళీ తిప్పు.” టపటపమని నీలం రవ్వలు ఎగిరాయి.

“కరెంటు వస్తోంది, ప్లగ్గులకి చేరడం లేదు. అంటే జబ్బు ఈ డబ్బాలోనే ఉంది,” అంటూ డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. తుడిచాడు, ఎండకి పెట్టి చూశాడు. పగుల్లేదు, చెమ్మ లేదు. ఇక మిగిలింది లోపల తిరుగుతూ ప్లగ్గులకి కరెంటు పంచే రోటర్. బొటనవేలంత నల్ల ముక్క. దాని నెత్తిమీదికి కాయిల్ తీగ తెచ్చి, “ఒక్కసారి తిప్పు,” అన్నాడు.

టప్! రవ్వ సూటిగా రోటర్‌లోకే దూకింది. రోటర్ బాగుంటే అలా దూకకూడదు. కంటికి కనపడని పగులేదో కరెంటంతా కిందికి మింగేస్తోందన్నమాట.

రోటర్ ఊడబీకి తిరగేశాడు. అడుగున చాకుతో గీసిన ఇంటూ మార్కు.

ఎవేలియో దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ గీత తను గీసిందే. వేసవికి ముందు పాడైన రోటర్‌ని గుర్తుకోసం గీసి, హవానాలో ఎవరూ ఏదీ పారెయ్యరు గనక, వంటింటి అలమర మీద మేకుల డబ్బాలో పడేశాడు. అది బండిలోకి ఎలా వచ్చింది?

వీధిలో బండ్లవాళ్ళంతా దొంగల భయానికి సాయంత్రం రోటర్ పీకి ఇంట్లో దాచుకుంటారు. వీళ్ళింట్లో దాని చోటు మేరీమాత పటం ముందు, అమ్మ హెర్మీనియా ఊగే కుర్చీ పక్కన. పొద్దున్నే తెచ్చి చేతిలో పెట్టేది ఒడాలిస్.

“మంచి రోటరేదే?” ఆ ముక్కని ఒడాలిస్ మొహం ముందు ఆడించాడు.

“నన్నడుగుతావేం? పటం ముందున్నది తెచ్చిచ్చాను.”

“నాటకాలాడకు! చెడ్డది నా చేతిలో పెడతావు. మంచిది దాస్తావు. వాడొచ్చి చేతులు కడుక్కుంటాడు, నువ్వు కాఫీతోబాటు అదీ అందిస్తావు. ఇదేగా వాడి హస్తవాసి? నన్ను ఎండలో నిలబెట్టి లోపల మీ ఇద్దరూ...” కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఒడాలిస్ కారు తలుపు ధడాలున వేసింది. “ఏమన్నావు? ఆయనొచ్చినప్పుడల్లా నేను మేడమీద బట్టలుతుకుతూ చస్తుంటాను!”

“మరి వంటింట్లో నవ్వేదెవరు, దయ్యమా?”

“నోటికొచ్చినట్టు వాగావంటే ఇప్పుడే మా అన్న దగ్గరికి పోతాను!”

“పో! మూట కట్టుకో! ఆ సెంటుగాణ్ణి కూడా కట్టుకుపో!”

ఎదురింటివాళ్ళ కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఒడాలిస్ నిజంగానే చరచరా మెట్లెక్కింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి హెర్మీనియా వచ్చింది. ఈస్టర్‌కి తప్ప పెట్టెలోంచి తియ్యని నీలం గౌను, చెవులకి ముత్యాలు, మొహానికి పౌడరు. అరవై ఆరేళ్ళ పెదవులకి ఎర్రటి రంగు.

“పొద్దున్నే ఏం అరుపుల్రా అవి? లియోన్సియోకి కబురు పెట్టారా లేదా? కాఫీ చల్లారిపోతోంది.”

“నాకు వాడక్కర్లేదమ్మా,” అన్నాడు ఎవేలియో కళ్ళు తుడుచుకుంటూ. “మంచి రోటర్ దొరికితే చాలు.”

“దొరుకుతుందిలే నాయనా,” అంటూ హెర్మీనియా జపమాల సంచీని గుండెకి హత్తుకుంది. “ముందు ఆయన్ని వచ్చి కాఫీ తాగనీ.”