ఆకులు కోయని బడి

ఏటి ఒడ్డున, కానుగ చెట్టు నీడలో, కూర్మమ్మ అనే ముసలి తాబేలు బడి నడిపేది. పిల్లలు రోజూ తలా నాలుగు ఆకులు కోసుకుని, ముల్లుతో వాటి మీద పాఠం రాసుకునేవారు. ఎండాకాలం వచ్చేసరికి చెట్టు దాదాపు బోడిదైపోయింది. ఎండకు పంతులమ్మ డిప్ప పెనంలా కాలిపోయేది. అయినా ఆవిడ డిప్పలోంచే పాఠం చెప్పేది.

రవ్వ అనే ఉడుతపిల్ల అది చూసింది. మర్నాడు ఆకు లేకుండా వచ్చి కూర్చుంది.

"ఆకేదే?" అంది పంతులమ్మ.

"ఇక కోయనండీ. మిగిలినవి మీ నీడకి ఉండాలి."

"ఆకు లేకుండా చదువేమిటే? మా గురువుగారు నాకు ఆకు మీదే నేర్పారు. లే, బయటికి నడు!"

రవ్వ కళ్ళు తుడుచుకుంటూ ఏటి ఇసుకలోకి వెళ్ళింది. పాఠం అక్కడికీ వినబడుతోంది. తడి ఇసుక మీద వేలితో రాసుకుంది. తప్పు పోతే తోకతో తుడిచేసింది. కాసేపటికి ముంగిసపిల్ల, ఆ వెనకే నెమలిపిల్ల, ఒక్కొక్కరే వచ్చి పక్కన చేరారు. చెట్టు కింద పంతులమ్మ ఒక్కతే మిగిలింది.

ఆవిడ మెడ చాచి చూసి, మెల్లగా నడిచి వచ్చి, ఇసుకలో తానూ ఒక అక్షరం రాసింది. అది వంకర పోయింది. గబుక్కున కాలితో చెరిపేసింది. రవ్వ చూసీ చూడనట్టు తన అక్షరం దిద్దుకుంది.

తొలకరికి కానుగ గుబురుగా చిగురించింది. కొత్తగా చేరిన కుందేలుపిల్ల ఒక ఆకు మీద చెయ్యి వేసింది.

"ముట్టుకున్నావో, ఊరుకోను!" అని పంతులమ్మ కేకేసింది. "మా బడిలో ఆకులు కోయం. రవ్వా, దానికి ఇసుక చూపించమ్మా."